ఆ పలక మీది మనిషి ఎవరి సొత్తు? (కెమెరా ముందు మనం – 6వ భాగం)



2025 మే నెల చివర్లో అమెరికా నుంచి ఒక వార్త వచ్చింది. మన టీవీల్లో నలుగురిని కూర్చోబెట్టి చర్చ పెట్టే వార్త కాదు. హార్వర్డ్ యూనివర్సిటీ తన మ్యూజియంలో ఉన్న 15 పాత ఫోటోలను వదులుకోవడానికి ఒప్పుకుంది. వాటిని సౌత్ కరోలినా రాష్ట్రం చార్ల్‌స్టన్ నగరంలో ఉన్న ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియానికి ఇవ్వాలని తేలింది. ఆ ఒప్పుకోలు వెనక ఆరేళ్ళ కోర్టు కేసు ఉంది. ఆ కేసుకు పాతికేళ్ళ ముందే ఒక నల్లజాతి ఫోటోగ్రాఫర్ అవే ఫోటోలతో పెట్టుకున్న పేచీ ఉంది. ఆ పేచీ గురించి రాయాలని ఈ సిరీస్ మొదలుపెట్టినప్పటి నుంచీ అనుకుంటున్నాను.

పోయిన భాగం కింద ఒకరు "అక్కా, ఆర్ట్ ఫోటోలు డబ్బున్నోళ్ళ గోల, మనకెందుకు?" అని కామెంట్ పెట్టారు. డబ్బున్నోళ్ళ గోలే. కాకపోతే ఆ గ్యాలరీ గోడల మీద వేలాడే మనుషుల్లో డబ్బున్నోళ్ళు తక్కువ, మనబోటివాళ్ళు ఎక్కువ. అందుకే మనకు కావాలి. కొంచెం పొడుగైంది, ఓపికగా చదవండి.

ముందు ఆ 15 ఫోటోల సంగతి.

1850 మార్చి. సౌత్ కరోలినాలోని కొలంబియా పట్నం. జోసెఫ్ జీలీ అనే ఫోటోగ్రాఫర్ స్టూడియో. ఊళ్ళోని తెల్ల కుటుంబాలు మంచి బట్టలేసుకుని వచ్చి బొమ్మ దించుకునే చోటు. అక్కడికి ఏడుగురు బానిసలను తీసుకొచ్చారు. ఐదుగురు మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు. వాళ్ళ పేర్లు ఆల్‌ఫ్రెడ్, ఫసీనా, జెమ్, జాక్, రెంటీ, డ్రానా, డీలియా. రెంటీ కూతురు డీలియా. జాక్ కూతురు డ్రానా. తండ్రుల బట్టలు విప్పించారు. కూతుళ్ళ బట్టలు నడుము దాకా దింపించారు. ముందు నుంచి, పక్క నుంచి ఫోటోలు తీశారు.

తీయించినాయన పేరు లూయీ అగాసీ. స్విట్జర్లాండ్‌లో పుట్టి హార్వర్డ్‌లో ప్రొఫెసర్ అయిన ప్రకృతి శాస్త్రవేత్త, ఆ రోజుల్లో పెద్ద పేరు. మనుషులందరూ ఒకే మూలం నుంచి రాలేదు, ఒక్కో జాతినీ వేర్వేరుగా సృష్టించారు అనేది ఆయన వాదం. తలలోంచి ఒకరు, పాదాల్లోంచి ఒకరు అని పుట్టుక దగ్గరే మెట్లు కట్టిన సూక్తం విని పెరిగిన మనకు ఇందులో కొత్తేం లేదు. మనవాళ్ళకు శ్లోకం సరిపోయింది, ఆయనకు సాక్ష్యం కావాల్సొచ్చింది. చార్ల్‌స్టన్‌లో శాస్త్రవేత్తల సభకు వచ్చి, అటునుంచి కొలంబియా దగ్గరి తోటలకు వెళ్ళి, ఈ మనుషులను ఎంచుకున్నాడు. రాబర్ట్ గిబ్స్ అనే స్థానిక డాక్టర్ ఫోటోలు తీయించి, ఒక్కో దానికీ చీటీ రాసి అంటించాడు. పేరు, ఆఫ్రికాలో ఏ చోటివాడు, ఇప్పుడు ఏ దొర తోటలో ఉన్నాడు. రెంటీ చీటీలో కాంగో అని, బి.ఎఫ్. టేలర్ తోట అని ఉంటుంది.

ఈ ఫోటోలు కాగితం మీద వేసినవి కావు. డాగెరోటైప్ అంటారు. రాగి రేకు మీద వెండి పూత పూసి, అద్దంలా మెరుగు పెట్టి, అయోడిన్ ఆవిరి పట్టించి కెమెరాలో పెడతారు. తీశాక పాదరసం ఆవిరి తగిలిస్తే బొమ్మ తేలుతుంది. దీనికి నెగెటివ్ ఉండదు. ఒక్క పలక, ఒక్క బొమ్మ. ఆ పలక ఎవరి చేతిలో ఉంటే బొమ్మ వాళ్ళదే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కోర్టులో పనికొస్తుంది. ఇంకోటి, ఆ పలక అద్దం లాంటిది కాబట్టి సరైన వంపులో పట్టుకుంటేనే లోపలి మనిషి కనిపిస్తాడు, లేకపోతే చూసేవాడి మొహమే కనిపిస్తుంది.

అగాసీ ఆ ఫోటోలను ఎక్కడా అచ్చు వేయలేదు. ఎప్పటికో అవి హార్వర్డ్‌లోని పీబాడీ మ్యూజియం అటకెక్కాయి. 1976లో అటక మీది బీరువాలో దొరికాయి. అమెరికాలో బానిసలుగా ఉన్నవాళ్ళవని పేర్లతో సహా తెలిసిన తొలి ఫోటోల్లో ఇవీ ఉన్నాయని చరిత్రకారులు సంబరపడ్డారు. పుస్తకాల్లో వేశారు. రెంటీ మొహం పుస్తకం అట్ట మీదికి ఎక్కింది. రెంటీ వాళ్ళవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని మాత్రం ఎవరూ వెతకలేదు.

ఇదంతా ఎక్కడో అమెరికా అనుకోకండి. సరిగ్గా ఆ తరంలోనే కెమెరా మన దగ్గరా అదే పనికి దిగింది. 1857 తిరుగుబాటు తర్వాత, ఏలుతున్న జనం ఎవరో తెలుసుకోవాలని బ్రిటిష్ ప్రభుత్వానికి పట్టుకుంది. వాట్సన్, కే సంపాదకత్వంలో 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' పేరుతో 1868 నుంచి 1875 వరకు ఎనిమిది సంపుటాలు వేశారు. కులానికో ఫోటో, పక్కన ఆ కులం నమ్మదగినదా కాదా అని రెండు ముక్కలు. అదే రోజుల్లో లండన్‌లో జాన్ లాంప్రీ అనే ఆయన చట్రానికి పట్టుదారాలు కట్టి, రెండేసి అంగుళాల గళ్ళు చేసి, ఆ గళ్ళ ముందు మనిషిని నిలబెట్టి ఫోటో తీసే పద్ధతి కనిపెట్టాడు. గళ్ళు లెక్కపెడితే ఒళ్ళు కొలిచినట్టే. ఆ గళ్ళ తెర తర్వాత అండమాన్ ఆదివాసుల వెనకా లేచింది.

మద్రాసులో ఎడ్గర్ థర్‌స్టన్. 1885 నుంచి 1908 దాకా అక్కడి ప్రభుత్వ మ్యూజియానికి అధిపతి. కొలకర్రతో, ముక్కు కొలిచే పరికరంతో ఊళ్ళ మీద పడ్డాడు. 1909లో రంగాచారితో కలిసి దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. అక్షర క్రమంలో కులాలు. మాదిగ, మాల రెండూ నాలుగో సంపుటంలో పడ్డాయి. మన చరిత్ర రాసే ప్రతి విద్యార్థీ ఏదో ఒక రోజు ఆ పుస్తకం తెరవక తప్పదు. తెరిచినప్పుడు ముందుమాట కూడా చదవండి. వయనాడ్‌లో పణియ ఆడవాళ్ళు తనను చూడగానే పారిపోయారని, తమలో బాగున్నవాళ్ళను చంపి, గడ్డి కూరి మ్యూజియంలో పెడతాడని భయపడ్డారని ఆయనే రాసుకున్నాడు. అలా చేయగలిగితే ఎంత బాగుండేదో, నమూనాల బాధ తీరేది అని జోక్ కూడా వేశాడు. నీలగిరిలో ఒక ఇరుల మనిషి ఎత్తు కొలిచే కర్రను చూసి ఉరికంబం అనుకుని దగ్గరికి రానన్నాడట. థర్‌స్టన్‌కు ఇవి అమాయకుల కబుర్లు. నాకైతే మన దేశంలో ఫోటోగ్రఫీ మీద వచ్చిన మొదటి కళా విమర్శ ఆ పణియ ఆడవాళ్ళదే అనిపిస్తుంది. మ్యూజియం తమను ఏం చేస్తుందో వాళ్ళకు సరిగ్గానే అర్థమైంది.

ఒక తేడా చూడండి. అగాసీ ఎంత దుర్మార్గుడైనా, ఆ చీటీల మీద పేర్లు మిగిలాయి. థర్‌స్టన్ పుస్తకాల్లో ఫోటో కింద మామూలుగా కులం పేరే ఉంటుంది. ఆ మనిషి ఎవరో, ఏ ఊరో వెతకడానికి దారం ముక్క కూడా దొరకదు.

కెమెరా ముందు కూర్చున్నవాళ్ళందరూ బలవంతంగానే కూర్చున్నారా అంటే, లేదు. బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 19వ శతాబ్దపు అమెరికాలో అందరికంటే ఎక్కువ ఫోటోలు దిగిన మనిషి. 160 దాకా లెక్క తేలాయి. లింకన్ కంటే ఎక్కువ. కోటు, టై, నవ్వు లేని మొహం. ఫోటోగ్రఫీ మీద ఉపన్యాసాలు కూడా ఇచ్చాడు. నల్లవాళ్ళను వెకిలిగా గీసే తెల్ల చిత్రకారుల చేతుల్లోంచి మొహాన్ని లాక్కునే సాధనం దొరికిందని ఆయనకు తెలుసు. సోజర్నర్ ట్రూత్ ఇంకో అడుగు ముందుకేసి, తన ఫోటో కార్డులను తనే సభల్లో అమ్ముకుని ఆ డబ్బుతో బతికింది. 1864లో ఆ ఫోటోల మీద కాపీరైట్ కూడా తన పేరునే తీసుకుంది. అక్షరం రాని ఆడమనిషి, ఒకప్పుడు తననే అమ్మేసిన దేశంలో, తన బొమ్మను తనే అమ్ముకుంది.

మనకు ఈ కథ తెలుసు కదా. బాబాసాహెబ్ సూటు. ఈ దేశంలో ఏ పేటకు వెళ్ళినా చేతిలో పుస్తకం, ఒంటి మీద నీలం కోటు. ఆ కోటును వెక్కిరించినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. గోచీ కట్టుకున్నాయన సహజంగా కనిపించి, సూటు వేసుకున్నాయన వేషంలా కనిపించే కళ్ళు ఎవరివో మీరే ఆలోచించండి.

ఇక క్యారీ మే వీమ్స్ దగ్గరికి వస్తాను. 1953లో ఆరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో పుట్టింది. 1990లో చేసిన 'కిచెన్ టేబుల్ సిరీస్' ఆమెకు పేరు తెచ్చింది. ఒకే వంటింటి బల్ల, పైన ఒకే దీపం, ఆ బల్ల దగ్గర తనే ఒక ఆడమనిషిగా కూర్చుని మొగుడితో, స్నేహితురాళ్ళతో, కూతురితో, చివరికి ఒంటరిగా. చూస్తే మన ఇంట్లో సంగతిలాగే ఉంటుంది. దాని మీద వేరే భాగం రాస్తాను.

1995లో లాస్ ఏంజిలస్‌లోని గెట్టీ మ్యూజియం నల్లజాతి మనుషుల పాత ఫోటోల ప్రదర్శన ఒకటి పెట్టింది. దానికి జవాబుగా ఏదైనా చేయమని వీమ్స్‌ను అడిగింది. 1995–96లో ఆమె చేసిన పని పేరును తెలుగులో చెప్పుకుంటే 'ఇక్కడి నుంచి జరిగింది చూశాను, ఏడ్చాను' అని వస్తుంది. మొత్తం 33 బొమ్మలు. అందులో ఆమె కెమెరాతో కొత్తగా తీసిన మనుషులు లేరు. మ్యూజియాల్లో, పుస్తకాల్లో ఉన్న పాత ఫోటోలను మళ్ళీ ఫోటో తీసి, పెద్దవి చేసి, ఎర్ర రంగు పట్టించింది. కెమెరా కన్నులోంచి చూస్తున్నట్టు గుండ్రటి నల్ల చట్రం బిగించింది. పైన అద్దం. ఆ అద్దం మీద అక్షరాలు చెక్కించింది. మొదట్లో, చివర్లో మాత్రం నీలం రంగులో ఒక ఆఫ్రికన్ మహిళ, 1920ల నాటి ఫోటో. మొదట ఒక వైపు తిరిగి, చివర రెండో వైపు తిరిగి, మధ్యలో ఉన్న ఎర్ర బొమ్మలన్నిటినీ తనే చూస్తున్నట్టు ఉంటుంది. అన్నిటినీ చూసిన సాక్షి ఆమే.

ఆ ఎర్ర బొమ్మల్లో మొదటి నాలుగూ జీలీ స్టూడియోలో తీసినవి. డీలియా, రెంటీ, జాక్, డ్రానా అందులో ఉన్నారు. అద్దం మీది మాటల సారం, నిన్ను శాస్త్రం పరిశీలించే సరుకుగా మార్చారు, నిన్ను ఒక జాతికి నమూనాగా చేశారు అని. ఇక్కడ నాకు తెలుగు సాయం వచ్చింది. ఇంగ్లీషులో అందరికీ ఒకటే మాట. మనకు నువ్వు ఉంది, మీరు ఉంది, ఒరేయ్ ఉంది. అగాసీ తోటలో రెంటీని పిలిచింది కచ్చితంగా ఒరేయ్ తరహాలోనే. వీమ్స్ అద్దం మీది పిలుపు నాకు 'నువ్వు'గా వినిపిస్తుంది. శవం పక్కన కూర్చుని ఇంటివాళ్ళు పేరు పెట్టి, నిన్నిట్టా చేశారయ్యా అని ఏడుస్తారే, ఆ నువ్వు. అవే ఫోటోలు, అవే మొహాలు. మధ్యలో ఒక అద్దం, దాని మీద ఒక మాట. ఇప్పుడు ఆ నగ్నత్వాన్ని తేరగా చూడలేం. ముందు మాట చదవాలి, ఆ తర్వాతే మనిషిని చూడాలి.

హార్వర్డ్‌కు కోపం వచ్చింది. అనుమతి లేకుండా మా ఆస్తిని వాడావు, కేసు వేస్తాం అని బెదిరించింది. వీమ్స్ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పిన దాని ప్రకారం, ఆమె కొన్నాళ్ళు బాగా ఆలోచించి ఒక జవాబు ఇచ్చింది. చట్టం ప్రకారం నా దగ్గర వాదన లేకపోవచ్చు, నైతికంగా ఉందనుకుంటున్నాను, కేసు వేయండి, ఈ చర్చ బహిరంగంగా కోర్టులో జరిగితే అందరికీ మంచిదే అని. హార్వర్డ్ కేసు వేయలేదు. తర్వాత ఆ పనిలో కొంత భాగాన్ని తన మ్యూజియం కోసం కొనుక్కుంది కూడా. అగాసీ తీయించిన ఫోటోలూ వాళ్ళ దగ్గరే, వాటి మీద వీమ్స్ ఏడ్చిన ఏడుపూ వాళ్ళ దగ్గరే. సంస్థలు ఇట్లాగే చేస్తాయి. తిట్టినవాళ్ళకే సన్మానం చేసి, ఆ తిట్టును బీరువాలో దాచుకుంటాయి. యూనివర్సిటీల్లో అంబేడ్కర్ జయంతులు చూసిన వాళ్ళకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

నేననేది, వీమ్స్ గెలవలేదు. కళాకారిణిగా ఆమె ఎక్కడిదాకా వెళ్ళగలదో అక్కడిదాకా వెళ్ళింది. రెంటీ పలక మాత్రం కదల్లేదు. దాన్ని కదిలించింది టమారా లానియర్ అనే ఆమె. వాళ్ళమ్మ చిన్నప్పటి నుంచి 'పాపా రెంటీ' కథలు చెప్పేది. ఆఫ్రికాలో పుట్టాడని, బానిసగా ఉంటూ చదువు నేర్చుకున్నాడని, పక్కవాళ్ళకూ నేర్పాడని. అమ్మ పోయాక లానియర్ వంశవృక్షం వెతికితే ఈ ఫోటో ఎదురొచ్చింది. యూనివర్సిటీకి ఉత్తరాలు రాసింది. సరైన జవాబు రాలేదు. 2019 మార్చిలో మసాచుసెట్స్ కోర్టులో కేసు వేసింది. బట్టలు విప్పించి, ఒప్పుకోలు లేకుండా తీసిన ఫోటో దొంగసొత్తే, దాన్ని కుటుంబానికి ఇవ్వాలని.

2021లో కింది కోర్టు కొట్టేసింది. 2022 జూన్‌లో ఆ రాష్ట్ర అత్యున్నత కోర్టు తీర్పు మీరు చదవాల్సిన తీర్పు. అగాసీ చేసింది ఘోరమేనని కోర్టు ఒప్పుకుంది. కానీ ఫోటో తీయించుకున్నవాడికి, తీసినవాడి ఫోటో మీద ఆస్తి హక్కు రాదు, కాబట్టి వారసురాలికీ రాదు అంది. అయితే ఆమె అడిగినప్పుడు హార్వర్డ్ ప్రవర్తించిన తీరుకు, ఆమెకు కలిగిన మానసిక క్షోభకు నష్టపరిహారం అడిగే హక్కు ఉందని దారి తెరిచింది. ఆ దారిలోనే మూడేళ్ళ తర్వాత రాజీ కుదిరింది. పలకలు బయటికి రావాలని తేలింది. కుటుంబం చేతికి కాదు, ఆ ఏడుగురూ బానిసలుగా బతికిన రాష్ట్రంలోని నల్లజాతి మ్యూజియానికి. 175 ఏళ్ళు పట్టింది. అది కూడా చీటీ మీద రెంటీ అనే పేరు ఉండబట్టి, వాళ్ళింట్లో ఆ పేరు నోటిమాటగా బతికి ఉండబట్టి.

మన దేశంలో ఈ కొలతల ఫోటోల మీద పనిచేసిన ఆర్టిస్టు అంటే బెంగళూరు పుష్పమాల ఎన్. గుర్తొస్తుంది. ఫోటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీతో కలిసి 2000–2004 మధ్య 'నేటివ్ విమెన్ ఆఫ్ సౌత్ ఇండియా' అనే పెద్ద సిరీస్ చేసింది. రవివర్మ లక్ష్మి దగ్గర్నుంచి పోలీసులు పట్టుకున్న దొంగ ఆడవాళ్ళ పేపర్ ఫోటో దాకా అన్నిటినీ తనే వేషం కట్టి మళ్ళీ తీయించుకుంది. గళ్ళ తెర ముందు కొలతలకు నిలబడ్డ ఆదివాసీ మహిళగా కూడా. తెలివైన పని, వెటకారం బాగుంటుంది, తెల్లవాడి శాస్త్రం ఎంత నాటకమో చూడగానే తెలిసిపోతుంది. కానీ నాకు మింగుడుపడనిది ఒకటుంది. ఆ గళ్ళ ముందు నిజంగా నిలబడ్డ ఆడమనిషి బొమ్మలోంచి వెళ్ళిపోయింది. ఆమె చోట్లోకి ఆర్టిస్టు వచ్చింది. వీమ్స్ డీలియాను అక్కడే ఉంచి డీలియాతో మాట్లాడింది. ఈ తేడా చిన్నది కాదు. ఆ వేషం విప్పేసి ఇంటికెళ్ళగలిగినవాళ్ళు కొందరే ఉంటారు.

ఇప్పుడు ఇంకో వైపు నుంచి చూద్దాం. మన ఇళ్ళల్లో పాత ఫోటోలు ఎన్ని ఉన్నాయి? మా నాయనమ్మకు ఒకే ఒక్క ఫోటో, ఓటరు కార్డుది. ఆమె పోయాక దాన్నే స్టూడియోలో పెద్దది చేయించాం. స్టూడియో అబ్బాయి ఆమెకు కంప్యూటర్లో పట్టుచీర కట్టాడు, మెడలో గొలుసు వేశాడు, ఒంటి రంగు రెండు మెట్లు తగ్గించాడు. దండ వేసి గోడకు పెట్టుకున్నాం. బతికుండగా ప్రభుత్వం తీసింది, చచ్చాక ఫోటోషాప్ దిద్దింది. మనలో చాలామంది ఇళ్ళల్లో ఇదే వరస.

అందుకే సాంటు మొఫొకెంగ్ నాకు అంత దగ్గరగా అనిపిస్తాడు. దక్షిణాఫ్రికా, సొవేటోలో 1956లో పుట్టాడు, 2020లో చనిపోయాడు. వీధుల్లో ఫోటోలు తీశాడు, పేపర్ ఆఫీసు డార్క్‌రూములో సహాయకుడిగా చేశాడు, 1985లో ఆఫ్రాపిక్స్ అనే ఉద్యమ ఫోటోగ్రాఫర్ల బృందంలో చేరాడు. ఆ రోజుల్లో ప్రపంచానికి దక్షిణాఫ్రికా నుంచి ఒకటే రకం ఫోటో కావాలి. లాఠీ, తుపాకి, టైర్ల మంట, పరుగెత్తే నల్ల కుర్రాడు. మొఫొకెంగ్ కెమెరా పట్టుకుని సొవేటో నుంచి జొహానెస్‌బర్గ్ పనులకు పోయే లోకల్ ట్రెయిన్ ఎక్కాడు. అక్కడ జనం నిలబడే ప్రార్థన చేస్తున్నారు, పాడుతున్నారు, కిటికీలు చరుస్తూ తాళం వేస్తున్నారు. 1986లో తీసిన 'ట్రెయిన్ చర్చ్' అదే. మనవాళ్ళ ఆదివారం చర్చి చూసినవాళ్ళకు ఆ ఫోటోల్లో శబ్దం వినిపిస్తుంది.

తర్వాత జొహానెస్‌బర్గ్‌లో ఆయన ప్రదర్శన పెడితే, సందర్శకుల పుస్తకంలో ఒకరు నల్లవాళ్ళతో డబ్బు చేసుకుంటున్నావు అనే అర్థం వచ్చేలా రాసి వెళ్ళారు. తెల్ల ఫోటోగ్రాఫర్‌ను కాదు, సొవేటో బిడ్డను. ఆయన ఆ మాటను దులిపేసుకోలేదు, ఏళ్ళ తరబడి చెప్పుకుంటూ వచ్చాడు.

ఆ తర్వాతి పనే 'బ్లాక్ ఫోటో ఆల్బమ్', 1997. ఇందులో కూడా ఆయన కొత్తగా తీసింది లేదు. నల్ల కుటుంబాల ఇళ్ళకు వెళ్ళి, పెట్టెల్లో, డ్రాయర్లలో మగ్గిపోతున్న ఫోటోలు వెతికాడు. 1890 నుంచి 1950 దాకా వాళ్ళు తమ డబ్బుతో, తమ ఇష్టంతో స్టూడియోకు వెళ్ళి తీయించుకున్నవి. కోట్లు, గౌన్లు, టోపీలు, చేతికర్రలు, కుర్చీలో కూర్చున్న పెద్దాయన, భుజం మీద చెయ్యేసిన భార్య. సరిగ్గా అదే కాలంలో డగన్-క్రోనిన్ అనే తెల్ల ఫోటోగ్రాఫర్ నల్లవాళ్ళను తెగల వేషాల్లో తీసి సంపుటాలు వేస్తున్నాడు. ఇంకొన్నాళ్ళకు 1952 చట్టం వచ్చి, ఫోటో అతికించిన పాస్ పుస్తకం జేబులో లేకపోతే నల్లవాడిని వీధిలోనే పట్టుకుపోయే రోజులొచ్చాయి. ప్రభుత్వానికి కావాల్సిన నల్లవాడు ఆ సంపుటాల్లో, ఆ పాస్ పుస్తకాల్లో ఉన్నాడు. మొఫొకెంగ్ వెతికిన నల్లవాడు పెట్టెల్లో ఉన్నాడు.

ఆయన ఆ ఫోటోలను శుభ్రం చేసి, దొరికినంత మేరకు పేర్లు, ఊర్లు, సంబంధాలు రాసుకుని, 80 స్లయిడ్ల ప్రదర్శనగా చేశాడు. మధ్యమధ్యలో ప్రశ్నల స్లయిడ్లు. వీళ్ళెవరు? ఏం కావాలని కోరుకున్నారు? ఎవరు చూడాలని ఈ ఫోటో దిగారు? ఆ సూట్లు మనసుకు పట్టిన బానిసత్వమా, లేక ఇంకేమైనానా అని కూడా ఆయనే అడిగాడు. జవాబు చెప్పలేదు. పైన బాబాసాహెబ్ సూటు దగ్గర నేను రాసిందే నా జవాబు.

అదే దేశం నుంచి తర్వాతి తరంలో జనేలె మూహోలి వచ్చారు. 1972లో డర్బన్ దగ్గర ఉమ్లాజీలో పుట్టారు. తమను ఆడ, మగ అని పిలవొద్దంటారు. ఇంగ్లీషులో దానికి నానా తంటాలు పడుతున్నారు గానీ, మన 'వారు'లో ఎప్పటి నుంచో ఆ సౌకర్యం ఉంది. ఆర్టిస్టు అనే మాట కంటే దృశ్య ఉద్యమకారులు అని చెప్పుకోవడానికే ఇష్టపడతారు. 2006 నుంచి నల్లజాతి లెస్బియన్, ట్రాన్స్ మనుషుల పోర్ట్రెయిట్లు తీస్తున్నారు. వాళ్ళను సబ్జెక్టులు అనరు, ఈ పనిలో భాగస్వాములు అంటారు. ఒక్కొక్కరికీ పేరు, ఊరు, తీసిన ఏడాది ఉంటాయి. హత్యకు గురైనవాళ్ళు, జబ్బుతో పోయినవాళ్ళు ఆ వరసలో ఉన్నారు. 2012లో కేప్‌టౌన్ ఇంట్లో దొంగలు పడి హార్డ్ డ్రైవ్‌లు ఎత్తుకుపోయారు, ఏళ్ళ తరబడి చేసిన పని పోయింది. మళ్ళీ మొదలుపెట్టారు.

మూహోలి తల్లి పేరు బెస్టర్. ఒక తెల్ల కుటుంబం ఇంట్లో నలభై ఏళ్ళకు పైగా పనిమనిషి. 2015లో అమ్మ పేరు పెట్టి తమ ఫోటో తామే తీసుకున్నారు. తల మీద కిరీటం, చెవులకు పోగులు. దగ్గరికెళ్ళి చూస్తే అవి బట్టలారేసే క్లిప్పులు. ఇంకో ఫోటోలో గిన్నెలు తోమే పీచు. ఒంటి నలుపును ఫోటోలో ఇంకా నల్లగా చేస్తారు. మా నాయనమ్మ రంగు తగ్గించిన స్టూడియో అబ్బాయికి ఆ ఫోటో చూపించాలని నా కోరిక. ఇళ్ళల్లో పాచిపని చేసే అమ్మల పిల్లలు ఈ పోస్టు చదివేవాళ్ళలో ఎందరో ఉన్నారు. ఆ ఫోటోకు వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు మీకు.

మొన్నీమధ్య ఒక తమ్ముడు ఇన్‌బాక్స్‌లో అడిగాడు. వాళ్ళ ఊరి మాదిగగూడేనికి సిటీ నుంచి ఒక ఫోటోగ్రాఫర్ వస్తానంటున్నాడట. చెప్పులు కుట్టే పెద్దాయన చేతులు, డప్పు, గుమ్మంలో కూర్చున్న ముసలమ్మ. గ్యాలరీలో పెడతాడట. రానివ్వాలా వద్దా అని. రానివ్వొద్దని నేననలేదు. కారంచేడు, చుండూరు తర్వాత వచ్చిన కెమెరాలు లేకపోతే కొన్ని సాక్ష్యాలు మిగిలేవి కావు. కానీ మన గురించి దేశం దాచుకున్న ఫోటోల్లో శవాల వరస, ఏడ్చే ఆడవాళ్ళు, మురుగులో దిగిన మనిషి – ఇవే ఎందుకు ఎక్కువో అతన్ని అడగమన్నాను. పెద్దాయన చేతులు మాత్రమే తీసేటట్టయితే మొహం ఎందుకు వద్దో అడగమన్నాను. ఫోటో కింద పేరు వేస్తాడా, ప్రింటు ఒకటి ఆ ఇంటికి ఇస్తాడా, అమ్ముడుపోతే ఆ డబ్బు సంగతేంటి, రేపు ముసలమ్మ మనవరాలు తీసేయమంటే తీసేస్తాడా – ఇవి ముందే కాగితం మీద రాయించుకోమన్నాను. మసాచుసెట్స్ కోర్టు ఏం చెప్పిందో చూశారు కదా, ఫోటో తీసినవాడిదే. ఇక్కడైనా, డబ్బిచ్చి తీయించుకుంటే తప్ప, ఫోటో మీద కాపీరైటు మామూలుగా తీసినవాడిదే. రాయించుకోకపోతే మనకేం మిగలదు.

మనవాళ్ళు కెమెరా పట్టుకున్న చోట లెక్క మారుతోంది. సుధారక్ ఓల్వే ముంబై సఫాయి కార్మికుల మధ్య ఏళ్ళ తరబడి తిరిగి తీసిన ఫోటోలు చూడండి. తమిళనాడులో పళని కుమార్, 'కక్కూస్' డాక్యుమెంటరీకి కెమెరా చేసినాయన, సెప్టిక్ ట్యాంకు చావుల ఇళ్ళకు కెమెరాతో వెళ్ళి, ఆ వాడల పిల్లలకే కెమెరాలిచ్చి ఫోటోగ్రఫీ నేర్పుతున్నాడు. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హాస్టల్ నుంచి గెంటేసినప్పుడు రోహిత్ బాబాసాహెబ్ ఫోటోను చేతుల్లో పట్టుకుని నడిచి వచ్చిన ఆ ఫోటో మనందరి ఫోన్లలో ఉంది. ఫోటోలో ఫోటో. వెలివాడకు మోసుకెళ్ళిన సామానులో అది కూడా ఉంది.

మదురై దగ్గర వాడిపట్టి అనే ఊళ్ళో జయసింగ్ నాగేశ్వరన్ అనే దళిత ఫోటోగ్రాఫర్ ఉన్నాడు. దేశమంతా తిరిగి తీసిన మనిషి. లాక్‌డౌన్‌లో ఇంటికి చేరి, చాలా ఏళ్ళ తర్వాత సొంత ఇంట్లోవాళ్ళను తీయడం మొదలుపెట్టాడు. అన్నదమ్ముల పిల్లలు, అమ్మ, ఇంటి మేడ, వాన, ఊరి నీళ్ళలో ఈదే కుర్రాళ్ళు. నాకు చేపలా ఉంది అని ఆ సిరీస్ పేరు. వాళ్ళ నాయనమ్మ పొన్నుతాయి దళిత పిల్లల కోసం ఆ ఊళ్ళో బడి పెట్టిన మనిషి. ఆ ఫోటోల్లో గుడిసె ముందు దిగాలుగా కూర్చున్నవాళ్ళు ఎవరూ లేరు. మేడ మీద పడుకుని ఆకాశం చూసే పిల్లలున్నారు.

వచ్చే భాగంలో వీమ్స్ వంటింటి బల్ల. ఈలోపు మీ ఇంట్లో 1990కి ముందు మనవాళ్ళు తమ ఇష్టంతో స్టూడియోలో దిగిన ఫోటో ఉంటే, వెనక పెన్సిల్‌తో పేర్లు, ఊరు, ఏడాది రాసిపెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, వాళ్ళు సరేనంటేనే నాకు పంపండి. పేరు తెలియని మనిషి ఉంటే ఆ వాడలో ఇంకా బతికున్న ముసలాళ్ళను అడగండి, ఈ వేసవి లోపలే.

జై భీమ్.